నేరం: అర్థాలు, వాడుకలు

చట్టం శిక్షార్హమని చెప్పిన పని చేయడం, చేయాలన్న పని చేయకపోవడం నేరం. ఇంగ్లీషు నుంచి వచ్చి తెలుగు మాటల్లో కలిసిపోయిన ఆఫెన్స్ మాత్రం అక్కడితో ఆగదు. పోలీస్ స్టేషన్లో అది సెక్షన్ నంబరున్న కేసు. నలుగురిలో అనకూడని మాట అంటే ఎదుటివాడు ఆఫెండ్ అయ్యాడంటాం. పత్రికల భాషలో మనోభావాలు దెబ్బతిన్నాయంటాం. గుడిలో దాన్నే అపచారమంటారు. బాస్కెట్‌బాల్ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు ఎదుటివారి బుట్ట మీదికి సాగించే దాడి కూడా అఫెన్సే. యుద్ధ వార్తల్లో అఫెన్సివ్ అన్నా దాడే. ఆటకూ యుద్ధానికీ సంబంధించిన అర్థాల్లో తగాదా ఏమీ లేదు. చిక్కంతా మొదటి మూడింటితోనే. చట్టాన్ని మీరడం, మనసు నొప్పించడం, పవిత్రమనుకున్నదాన్ని కించపరచడం అనేవి మూడు వేర్వేరు సంగతులు. వీటిని ఒకటిగా చూసినప్పుడల్లా ఎవరో ఒకరు జైలు గుమ్మం దాకా వెళ్లవలసి వస్తోంది.

తమిళనాడులో విరుదునగర్ జిల్లా రాజపాళయం ఈ మూడూ ఒక్కసారిగా ఎదురెదురు నిలిచిన ఊరు. పడమటి కనుమల పాదాన, శ్రీవిల్లిపుత్తూరుకు పక్కనే ఉంటుంది. విజయనగర, నాయకరాజుల కాలంలో దక్షిణానికి వెళ్లి స్థిరపడిన తెలుగు రాజుల ఊరిగా పేరు. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో, కోర్టులో తమిళం. నూలు మిల్లులకూ వేటకుక్కలకూ ప్రసిద్ధి. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిని ఇచ్చిన ఊరు. 2018 జనవరిలో ఇక్కడ జరిగిన ఒక ఉపన్యాసం కేసులకూ దీక్షలకూ హైకోర్టు విచారణకూ దారితీసింది.

రెండు భాషల నడుమ

తెలుగులో ఈ భావానికి మాటలు చాలా ఉన్నాయి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే అర్థం చెడుతుంది. కోర్టు తేల్చేది నేరం. ఇంటి పెద్ద మందలించేది తప్పు. దేవుడి ముందు ఒప్పుకునేది పాపం. నమ్మినవాడికి చేసేది ద్రోహం. జాతకంలోనూ వస్తువులోనూ ఉండేది దోషం. పాతకాలపు కులపంచాయతీల్లో తప్పు అంటే చేసిన పనే కాదు, దానికి కట్టే సొమ్ము కూడా. తప్పు వేశారు, తప్పు కట్టాడు అనేవారు. దండుగ కూడా ఒకప్పుడు జరిమానాయే. కట్టిన డబ్బు ఎటూ తిరిగి రాదు గనక కాబోలు, ఇప్పుడది వృథా ఖర్చుకు పేరయింది.

రాజపాళయంలో ఈ మాటలకు తమిళం తోడవుతుంది. తమిళంలో నేరం అంటే సమయం. తెలుగువాడి నేరానికి అక్కడి మాట కుట్రం. తెలుగు చెవికి అది కుట్రలా వినిపిస్తుంది. అపరాధం తెలుగులో చేసిన తప్పు. తమిళంలో అదే మాట అబరాదంగా జరిమానా అయింది. మనకూ అపరాధ రుసుములో ఆ వాసన కొంత ఉంది. తప్పు ఒక్కటే రెండు భాషల్లోనూ చెక్కుచెదరకుండా నిలిచింది. తప్పిపోవడం, తప్పించుకోవడం, తప్పు చేయడం ఇక్కడా అక్కడా ఒకే క్రియ నుంచి వచ్చాయి.

కోర్టు మాటల్లో మరో జాగ్రత్త అవసరం. ఆరోపణకు గురైనవాడు నిందితుడు లేదా ముద్దాయి. తీర్పు వచ్చాకే దోషి. అరెస్టయిన రోజునే మనిషిని నేరస్థుడని రాసే అలవాటు తెలుగు పత్రికల్లోనూ టీవీల్లోనూ ఇంకా పోలేదు. ఇది భాషాదోషం మాత్రమే కాదు, మనిషికి జరిగే అన్యాయం కూడా.

పాత ధర్మశాస్త్రం

13వ శతాబ్దిలో మూలఘటిక కేతన యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు చేశాడు. ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని ఆ శాస్త్రానికి మూడు భాగాలు. రాజు సభలో తేలేవి వ్యవహారం కిందికి, మనిషి తనకు తానుగా కడుక్కోవలసినవి ప్రాయశ్చిత్తం కిందికి వస్తాయి. ఈ విభజనను తక్కువగా చూడకూడదు. ప్రతి పాపమూ రాజుగారి పని కాదని అప్పటికే గుర్తించారు.

వ్యవహారంలో వాక్పారుష్యం ఒకటి. అంటే మాటతో గాయపరచడం. అవయవ లోపం ఉన్నవారినో రోగులనో నిజం చెప్పి గానీ, అబద్ధమాడి గానీ, వెటకారంగా పొగిడి గానీ ఎత్తిపొడిస్తే యాజ్ఞవల్క్యుడు పన్నెండున్నర పణాల దండన విధించాడు. ఉన్నమాటే అన్నానని తప్పించుకునే వీలు లేదు. ఈ సూక్ష్మం మెచ్చుకోదగింది. అయితే అదే ప్రకరణం తిట్టినవాడి వర్ణాన్ని, తిట్టు తిన్నవాడి వర్ణాన్ని బట్టి దండనను పెంచుతుంది, తగ్గిస్తుంది. ఒకే మాటకు ఇద్దరు మనుషులు రెండు రేట్లు కట్టవలసిన న్యాయమది. ఆ శాస్త్రాల్లో సాహసమంటే బలప్రయోగంతో చేసే ఘోరం. ఇవాళ పిల్లలకు సాహసగాథలు చదివి వినిపిస్తున్నాం.

దక్షిణ తమిళ జిల్లాల్లో పాళెగాళ్ల కాలంలో నేరాన్ని మరో రకంగా చూసేవారు. ఊరికి కావలి కాసేవాడికి కావలి రుసుము ముట్టేది. దొంగతనం జరిగితే సొత్తు వెతికి తేవాలి, లేదా నష్టం తానే భర్తీ చేయాలి. అక్కడ శిక్ష కన్నా పోయిన సొత్తు తిరిగి రావడం ముఖ్యం. కంపెనీ పాలన పోలీసు వ్యవస్థను తెచ్చాక ఈ పద్ధతి క్రమంగా అంతరించింది. నేరం బాధితుడికి జరిగిన నష్టంగా కన్నా సర్కారుకు ఎదురు తిరగడంగా లెక్కకు రావడం మొదలైంది.

చట్టంలో నిర్వచనం

మెకాలే నాయకత్వంలో 1837లో ముసాయిదా తయారై, 1860లో ఆమోదం పొంది, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతి ఈ దేశంలో నేరాలను ఒక పుస్తకంలోకి తెచ్చింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలవుతోంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, అమల్లో ఉన్న ఏ చట్టమైనా శిక్షార్హం చేసిన పని గానీ పని మానడం గానీ నేరమే. ఆ పని మంచిదా చెడ్డదా అన్న ప్రస్తావన నిర్వచనంలో లేదు. శిక్ష రాసి ఉంటే నేరం, లేకపోతే కాదు.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఈ నిర్వచనానికి ఒక తోక తగిలించింది. పశువులను అన్యాయంగా పట్టి బందెలదొడ్డిలో పెట్టారని 1871 నాటి క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టం కింద చేసే ఫిర్యాదు కూడా నేరం పరిధిలోకి వస్తుంది. ఆ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ తోక అలాగే ఉంది. చేలో పడ్డ గొడ్డు చుట్టూ ఎన్ని ఊళ్లు తలలు పగలగొట్టుకున్నాయో తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఏది నేరం కాదో కూడా చట్టం చెబుతుంది. ఏడేళ్ల లోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. మామూలు తెలివి, మామూలు ఓర్పు ఉన్న మనిషి ఫిర్యాదు చేయనంతటి స్వల్ప హాని నేరం కాదు. ఈ రెండో మినహాయింపు పాత స్మృతిలో 95వ సెక్షన్, ఇప్పుడు 33వది. బస్సులో భుజం తగిలిందని కేసు పెట్టడానికి వీల్లేనిది దీనివల్లే. ఓర్పును చట్టం కొలమానంగా తీసుకున్న అరుదైన చోటు ఇది.

నేరాలను చట్టం రకరకాలుగా విడదీస్తుంది. వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగినవి కాగ్నిజబుల్. చేయరానివి నాన్ కాగ్నిజబుల్. బెయిలు హక్కుగా దొరికేవి కొన్ని, జడ్జి దయతలిస్తే దొరికేవి కొన్ని. ఇరుపక్షాలు రాజీపడి ముగించుకోగలిగేవి కొన్ని, రాజీకి తావులేనివి కొన్ని. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలల్లోపు, ఏడాది దాకా జైలు ఉన్నదాన్ని ఏడాదిలోపు, మూడేళ్ల దాకా జైలు ఉన్నదాన్ని మూడేళ్లలోపు కోర్టు విచారణకు తీసుకోవాలి. హత్యవంటి పెద్ద నేరాలకు గడువు లేదు. వీటన్నిటి పైన రాజ్యాంగం 20వ అధికరణం ఉంది. చేసిన రోజున నేరం కాని పనికి తర్వాత వచ్చిన చట్టంతో శిక్ష వేయకూడదు. ఒకే నేరానికి రెండుసార్లు విచారించి శిక్షించకూడదు. నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు.

ఎల్లలు మారితే

తాటికల్లు తెలంగాణలో గౌడు గీసే, దుకాణంలో అమ్మే వస్తువు. రాజపాళయం పడమటి కొండలు దాటితే కేరళలోనూ కల్లు దుకాణం ఉంటుంది. తమిళనాడులో మాత్రం 1987 నుంచి కల్లు గీయడం, అమ్మడం నేరం. చెట్టు ఒకటే, గీసే చేతి నేర్పు ఒకటే. సున్నం పూసిన కుండలో దిగిన పదనీరు అమ్మవచ్చు. సున్నం లేని కుండలో పులిసినది అమ్మకూడదు.

మేనమామ మేనకోడలిని పెళ్లాడటం తెలుగు, తమిళ కుటుంబాల్లో చాలాచోట్ల సంప్రదాయం. 1955 నాటి హిందూ వివాహ చట్టం దీన్ని నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చి, ఆచారం ఉన్నచోట మినహాయించింది. ఆచారం లేనిచోట ఆ పెళ్లి చెల్లదు, పైగా శిక్ష కూడా ఉంది. సగోత్ర వివాహం సంగతి దీనికి తిరగబడిన కథ. గోత్రం పాటించే కుటుంబాలు దాన్ని ఘోరమైన తప్పుగా చూస్తాయి. చట్టం మాత్రం 1946లోనే ఆ అడ్డు తీసేసింది.

రాజపాళయం పేరుతోనే ఉన్న వేటకుక్క మీద తపాలాశాఖ 2005 జనవరిలో స్టాంపు తెచ్చింది. తెల్లని ఒళ్లు, గులాబీ ముక్కు, పొడుగు కాళ్ల ఈ జాతిని అడవిపందుల వేటకు పెంచేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ కుక్క ఏ పనికి పుట్టిందో ఆ పనే నేరమైంది. ఊరి పక్క కొండలు బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యమై, 2021లో శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అభయారణ్యంలో కలిశాయి. కుక్క ఇప్పుడు తోటకూ ఇంటికీ కాపలా కాస్తోంది. ఈ మార్పు మంచికే జరిగింది.

ఎల్ల మార్చడం ఒక్కోసారి న్యాయాన్ని తలకిందుల నుంచి నిటారుగా నిలబెడుతుంది. దళితులు గుడిలో అడుగుపెట్టడమే నేరంగా చూసిన సమాజంలో, 1939 జులై 8న వైద్యనాథ అయ్యర్ వారిని వెంటబెట్టుకుని మదురై మీనాక్షి ఆలయంలోకి వెళ్లారు. అలా ప్రవేశింపజేసినవారి మీద కేసులు పడకుండా అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం చట్టం చేయవలసి వచ్చింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని పాటించడాన్నే నేరమని ప్రకటించింది.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తర భారతంలో మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎవరు ఏం చేశారన్నది కాదు, ఎవరికి పుట్టారన్నదే ప్రమాణం. ఎరుకల కుటుంబాలను 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో పెట్టి సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీకి అప్పగించారు. మదురై ప్రాంతంలో పిరమలై కళ్లర్లు వేలిముద్రల నమోదును ఎదిరిస్తే 1920 ఏప్రిల్ 3న పెరుంగామనల్లూరులో పోలీసులు కాల్పులు జరిపి పదహారుమందిని చంపారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. స్టూవర్టుపురం పేరు చెబితే ఇప్పటికీ దొంగలనే మాట నోటికి వచ్చేవారున్నారు. చట్టం పోయిన ఇన్నేళ్లకు కూడా ఆ ఊరి పిల్లలు ఆ ముద్రను మోయడం సిగ్గుపడవలసిన విషయం.

నేరం లేకుండా నిర్బంధం

రాజపాళయంలో 1898లో పుట్టిన పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా 1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపారు. రిపబ్లిక్ ఏర్పడ్డాక మద్రాసు రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ఆయనే. గాంధేయుడు. తర్వాత ఒరిస్సా గవర్నరయ్యారు. సొంత ఇంటిని గాంధీ కళామందిరం కోసం ఊరికి ఇచ్చేశారు. నేరం అనే మాటకు స్వతంత్ర భారతంలో హద్దులు గీసిన తొలి తీర్పుల్లో మూడు ఆయన ప్రభుత్వం మీద వచ్చినవే.

అవి కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్న రోజులు. కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్‌ను ముందస్తు నిర్బంధ చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో జైలులో ఉంచారు. ముందస్తు నిర్బంధానికి నేరం జరగనక్కర్లేదు. జరగవచ్చునన్న అనుమానం చాలు. 1950 మే 19న సుప్రీంకోర్టు ఆ చట్టంలో ఒక సెక్షన్ మాత్రం కొట్టేసి మిగతాదాన్ని నిలబెట్టింది. సరిగ్గా వారానికి, మే 26న, క్రాస్‌రోడ్స్ పత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకుండా పెట్టిన ఆంక్షను, దాని సంపాదకుడు రమేశ్ థాపర్ వేసిన కేసులో చెల్లదంది. 1952 మార్చి 31న వి.జి. రో కేసులో మూడో తీర్పు వచ్చింది. ఒక సంఘాన్ని ప్రభుత్వం నోటిఫికేషన్‌తో చట్టవిరుద్ధమని ప్రకటిస్తే, అందులో సభ్యుడిగా ఉండటమే నేరమైపోయేది. న్యాయవిచారణ లేకుండా అలా చేయడం చెల్లదని కోర్టు చెప్పింది.

రమేశ్ థాపర్ తీర్పు తర్వాత కేంద్రం 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చింది. మాట మీద పెట్టదగిన ఆంక్షల జాబితాలో ప్రజాశాంతిని, నేరానికి ప్రేరేపించడాన్ని చేర్చింది. ఈ చేర్పును గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నేరానికి పురికొల్పడం ఆ జాబితాలో ఉంది. ఒకరిని నొప్పించడం లేదు.

నొప్పించడం, అపచారం

శ్రీవైష్ణవులు అపచారాలను వర్గాలుగా చెబుతారు. భగవంతుడి పట్ల చేసేది భగవదపచారం. భక్తుల పట్ల చేసేది భాగవతాపచారం. ఇది ఇంకా పెద్దది. ఆ సంప్రదాయంలో శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ పుట్టిన చోటు. స్వామికి కట్టిన మాలను ముందు తాను ధరించి చూసుకున్న ఆమెను తండ్రి పెరియాళ్వారు అపచారం చేశావని మందలించాడు. స్వామికి ఆ మాలే కావాలనిపించింది. ఈ కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగు చేశాడు. తాను ముడిచి విడిచిన మాలనిచ్చినది అనేదే ఆ పేరు. తండ్రికి అపచారంగా కనిపించినది దైవానికి ప్రేమగా కనిపించిందన్న కథ ఇది.

2018 జనవరి 7న దినమణి పత్రిక రాజపాళయంలో ఏర్పాటు చేసిన సభలో కవి వైరముత్తు ఆండాళ్ కవిత్వంపై మాట్లాడారు. ఆమె తమిళాన్ని పొగిడిన ఆ ఉపన్యాసంలో, ఆమెను శ్రీరంగం ఆలయ దేవదాసిగా పేర్కొన్న ఒక పరిశోధకుల వాక్యాన్ని ఉదహరించారు. భక్తులు భగ్గుమన్నారు. రాజపాళయంలోనూ చెన్నైలోనూ కేసులు నమోదయ్యాయి. శ్రీవిల్లిపుత్తూరు జీయర్ స్వామి నిరాహార దీక్షకు కూర్చున్నారు. దినమణి విచారం ప్రకటించింది. సంపాదకుడు ఆలయానికి వచ్చి క్షమాపణ వేడుకున్నారు. వైరముత్తు తన మాట ఎవరినైనా బాధిస్తే విచారిస్తున్నానన్నారు. కోపంగా ఉన్నవారికి విచారం చాలలేదు, క్షమాపణే కావాలన్నారు. మద్రాసు హైకోర్టు ఆ నెలలోనే కేసు విచారణను నిలుపుదల చేస్తూ, ఆయన మరొకరి పరిశోధనను ఉదహరించారని గుర్తించింది.

ఇక్కడ ఎవరి బాధనూ కొట్టిపారేయనక్కర్లేదు. తల్లిగా కొలిచే ఆండాళ్ గురించి ఆ మాట వింటే భక్తుడికి కలిగిన నొప్పి నిజమైనదే. దేవదాసి అన్న మాటనే నిందగా తీసుకోవడంలో ఆ వృత్తిలోని స్త్రీల పట్ల ఉన్న చిన్నచూపు కూడా అంతే నిజం. సన్నిధిలో వేడుకోవడం సంప్రదాయం తన దారిలో చూపిన ప్రాయశ్చిత్తం. ఆ నొప్పికీ, ఆ చిన్నచూపును ప్రశ్నించడానికీ, ఆ ప్రాయశ్చిత్తానికీ సమాజంలోనే చోటుంది. పోలీస్ స్టేషన్‌లో మాత్రం లేదు.

చట్టం కూడా ఈ తేడాను కొంతవరకు గుర్తించింది. పాత శిక్షాస్మృతిలో 1927లో చేర్చిన 295ఏ సెక్షన్ ప్రకారం, ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో ఒక వర్గం మతాన్ని అవమానిస్తేనే నేరం. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెడుతూ, తెలియకో అజాగ్రత్తతోనో చేసిన అవమానం దాని కిందికి రాదంది. మూడేళ్ల దాకా జైలు, రాజీకి వీల్లేదు, కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇప్పుడది న్యాయ సంహితలో 299వ సెక్షన్. పాత 298, అంటే ఇప్పటి 302, వేరు. ఒకరి మతభావాలను గాయపరచాలనే కావాలని వారి చెవిన పడేలా ఒక మాట అనడం గురించి అది. నొచ్చుకున్న మనిషి తానే రాజీపడి దాన్ని ముగించవచ్చు. నొప్పి ఎవరిదో క్షమించే హక్కూ వారిదేనన్న ఈ ఏర్పాటు శిక్షాస్మృతిలో ఉన్న మంచి ఆలోచనల్లో ఒకటి.

1953లో తిరుచ్చిలో పెరియార్ మట్టి వినాయకుడి బొమ్మను పగలగొట్టినప్పుడు కింది కోర్టులు కేసును కొట్టేశాయి. 1958లో సుప్రీంకోర్టు అవి చట్టాన్ని సరిగా చదవలేదని, ఒక వర్గం పవిత్రంగా చూసేది ఏదైనా రక్షణ కిందికి వస్తుందని చెప్పింది. కాలం గడిచిపోయిందని మాత్రం కేసును తిరగదోడలేదు. మరో వైపు, పెరుమాళ్ మురుగన్ నవల మాదొరుబాగన్ మీద తిరుచెంగోడులో ఆందోళన రేగి 2015 జనవరిలో ఆయన ఇక రాయనని ప్రకటించారు. 2016 జులై 5న మద్రాసు హైకోర్టు, నచ్చని పుస్తకాన్ని పక్కన పడేయవచ్చని, రచయిత తిరిగి రాయాలని తీర్పిచ్చింది. ఆయన రాశారు.

ఐటీ చట్టం 66ఏ సెక్షన్ నొప్పించడాన్నే సూటిగా నేరం చేసింది. ఫోనులో, ఇంటర్నెట్‌లో పంపిన సందేశం తీవ్రంగా నొప్పించేదిగా ఉంటే మూడేళ్ల దాకా జైలు. ఎంత నొప్పిస్తే తీవ్రమో ఎక్కడా రాయలేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని పూర్తిగా కొట్టేసింది. చర్చించడం, వాదించడం వేరు, నేరానికి పురికొల్పడం వేరని విడదీసి చెప్పింది. అయినా పోలీసులు ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే వచ్చారు. 2022 అక్టోబరు 12న సుప్రీంకోర్టు మళ్లీ జోక్యం చేసుకుని, రద్దయిన 66ఏ కింద ఎవరినీ విచారించకూడదని, పెండింగ్ కేసుల్లోంచి ఆ సెక్షన్‌ను తొలగించాలని అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది.